వడగళ్ల వెంటే వంచకులు

పైకప్పు మార్పిడి పేరిట గడప గడపకూ బేరాలు. బీమాకు చిల్లు, గృహస్థుకు చిక్కు

వడగళ్ల వాన వెలిసి మబ్బులు విడిపోకముందే గుమ్మం ముందు ఒక అపరిచితుడు ప్రత్యక్షమవుతాడు. ఒంటిపై కంపెనీ పేరు ముద్రించిన చొక్కా, చేతిలో టాబ్లెట్, వీధిలో నిచ్చెన కట్టిన ట్రక్కు. ఆ వీధిలో ఇళ్ల పైకప్పులన్నీ దెబ్బతిన్నాయని, పక్కింటివారు అప్పుడే సంతకం చేశారని చెబుతాడు. పైకప్పు చూసినందుకు రుసుము లేదంటాడు. కొత్త పైకప్పు వేసినా ఇంటి యజమాని జేబులోంచి ఒక్క డాలరు తీయనక్కరలేదని, అంతా బీమా కంపెనీయే భరిస్తుందని భరోసా ఇస్తాడు. అమెరికాలోని టెక్సాస్, ఓక్లహామా, కొలరాడో తదితర రాష్ట్రాల్లో ఏటా వసంత రుతువులో కనిపించే దృశ్యమిది.

వచ్చినవారందరూ మోసగాళ్లు కారు. నిజాయితీగా పనిచేసే స్థానిక కాంట్రాక్టర్లు కూడా ఇంటింటికీ తిరిగి పని సంపాదించుకోవడం అక్కడ రివాజే. అయితే గాలివాన ఎటు పోతే అటు రాష్ట్రాలు దాటి వెళ్లి, అడ్వాన్సులు వసూలు చేసుకుని, అరకొర పనిచేసి మాయమయ్యే ముఠాలు ఈ రద్దీలో కలిసిపోతున్నాయి. 'స్టార్మ్ ఛేజర్లు'గా పేరుపడిన ఈ వర్గం కారణంగా నష్టపోతున్నది బీమా కంపెనీలు మాత్రమే కాదు. తెలిసో తెలియకో సంతకం చేసిన గృహస్థు ఒక్కోసారి తానే నేరంలో భాగస్వామి కావలసి వస్తోంది. డల్లాస్ పరిసరాల్లోని ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వంటి పట్టణాల్లో పెద్దసంఖ్యలో సొంత ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది దూరపు కబురు కాదు. అమెరికా మొత్తంలో భారీ వడగళ్ల వానలు అత్యధికంగా నమోదయ్యే రాష్ట్రాల్లో టెక్సాస్‌ది అగ్రస్థానం కావడం ఇక్కడ గమనార్హం.

పైకప్పే ఎందుకు?

మన కాంక్రీటు స్లాబుకూ అమెరికా ఇంటి పైకప్పుకూ పోలిక లేదు. అక్కడి ఇళ్లు అధికభాగం కలపతో కట్టినవి. వాలుగా పరచిన చెక్క పలకలపై నీరు దిగని పొర, దానిపై 'షింగిల్స్' అనే తారు పలకలు వరుసగా మేకులతో బిగిస్తారు. ఫైబర్‌గ్లాస్ పొరకు తారు పట్టించి, పైన రాతి రేణువులు అద్దితే ఈ పలక తయారవుతుంది. ఎండ నుంచి తారును కాపాడేవి ఆ రేణువులే. పెద్ద వడగళ్లు పడితే రేణువులు రాలిపోతాయి, లోపలి పొర చిట్లుతుంది. వెంటనే కారకపోయినా పైకప్పు ఆయుర్దాయం తగ్గిపోతుంది.

మోసానికి ఆస్కారం సరిగ్గా ఇక్కడే ఏర్పడుతోంది. నష్టం నేల మీద నిలబడి చూస్తే కానరాదు. ఎక్కి చూసే సాహసం, చూసినా గుర్తుపట్టే పరిజ్ఞానం సామాన్య గృహస్థుకు ఉండవు. పైకప్పు ఎలాగూ పదిహేను, ఇరవై ఏళ్లకు మార్చవలసినదే కనుక, పాతబడిన కప్పును వాన పేరు చెప్పి బీమా సొమ్ముతో కొత్తది చేసుకోవచ్చునన్న ఆశ పుడుతుంది. కాలం గడిచి అరిగిపోయిన దానికి గృహ బీమా వర్తించదు. హఠాత్తుగా సంభవించిన నష్టానికే అది రక్షణ. ఈ రెంటి మధ్య ఉన్న సన్నని గీతను చెరిపివేయడమే వంచకుల పని.

సొంత వాటాలోనే కిటుకు

ఈ వ్యవహారం యావత్తూ 'డిడక్టబుల్' అనే మాట చుట్టూ తిరుగుతుంది. నష్టంలో పాలసీదారు స్వయంగా భరించవలసిన వాటా ఇది. టెక్సాస్‌లో గాలి, వడగళ్ల నష్టాలకు ఈ వాటాను సాధారణంగా ఇంటి బీమా విలువలో ఒక శాతమో రెండు శాతమో అని నిర్ణయిస్తారు. ఉదాహరణకు 4 లక్షల డాలర్లకు బీమా చేసిన ఇంటికి రెండు శాతం చొప్పున సొంత వాటా 8 వేల డాలర్లు. కొత్త పైకప్పుకు 20 వేల డాలర్లు ఖర్చయ్యేట్లయితే బీమా కంపెనీ ఇవ్వవలసినది 12 వేలు మాత్రమే.

ఆ 8 వేలు తానే చూసుకుంటానని కాంట్రాక్టరు ముందుకు వస్తే, ఆ సొమ్ము ఎక్కడినుంచి వస్తుందన్నది అసలు ప్రశ్న. మార్గాలు రెండే. 20 వేల పనికి 28 వేల బిల్లు సృష్టించి బీమా కంపెనీ నుంచి మొత్తం 20 వేలూ రాబట్టడం ఒకటి. నాసిరకం సామగ్రి వాడి, వేయవలసిన పొరలు వేయకుండా 12 వేలలోనే పని ముగించడం రెండవది. మొదటిది బీమా కంపెనీకి మోసం, రెండవది ఇంటి యజమానికి మోసం. ఉచితంగా ఏదీ రాదన్న లోకరీతికి ఈ వ్యాపారం మినహాయింపు కాదు.

టెక్సాస్ శాసనసభ 2019లో చేసిన చట్టం ఈ కిటుకుకు నేరుగా అడ్డుకట్ట వేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం పాలసీదారు తన వాటాను తప్పనిసరిగా చెల్లించాలి. చెల్లించినట్లు రుజువు చూపమని కోరే హక్కు బీమా కంపెనీకి ఉంది. వాటాను మాఫీ చేస్తానని, వెనక్కి ఇస్తానని కాంట్రాక్టరు వాగ్దానం చేయడం నేరం. తెలిసి దానికి అంగీకరించి క్లెయిము దాఖలు చేసిన పాలసీదారు కూడా నేరస్థుడే అవుతాడు. 'క్లాస్ బి మిస్‌డిమీనర్'గా వర్గీకరించిన ఈ నేరానికి 180 రోజుల వరకు జైలు, 2 వేల డాలర్ల వరకు జరిమానా విధించే వీలుంది. వీసాలపై, గ్రీన్ కార్డుల నిరీక్షణలో ఉన్నవారికి ఈ నిబంధన మరింత బరువైనది. మోసంతో ముడిపడిన నేరంలో శిక్ష పడితే అమెరికా వలస చట్టాల కింద కూడా చిక్కులు ఎదురుకావచ్చు. పైకప్పులో మిగిలే కొద్ది వేల డాలర్ల కోసం ఆ దేశంలో నిలకడనే పణంగా పెట్టడం ఎంతవరకు సమంజసమన్నది ఆలోచించుకోవలసిన విషయం.

సొంత వాటాతో పాటు తెలుసుకోవలసిన మరో అంశం తరుగుదల. కొన్ని పాలసీలు కొత్త పైకప్పు పూర్తి ఖర్చు ఇస్తాయి. మరికొన్ని పాత పైకప్పు నాటి విలువ మాత్రమే ఇస్తాయి. పై ఉదాహరణలోనే పైకప్పు సగం ఆయుర్దాయం గడిచిపోయిందనుకుంటే తరుగుదల 10 వేలు, సొంత వాటా 8 వేలు పోగా మొదట చేతికి వచ్చేది 2 వేలు మాత్రమే. పూర్తి ఖర్చు పాలసీ అయితే పని పూర్తయినట్లు బిల్లులు చూపిన తర్వాత మిగతా 10 వేలు వస్తాయి. నాటి విలువ పాలసీ అయితే అవి ఎన్నటికీ రావు. గుమ్మం ముందు 'అంతా బీమాయే ఇస్తుంది' అని చెప్పే వ్యక్తికి ఆ ఇంటి పాలసీ ఏ రకానిదో తెలిసే అవకాశమే లేదు.

సుత్తి దెబ్బకు, వడగళ్ల దెబ్బకు తేడా

నష్టం లేనిచోట సృష్టించడం ఈ ముఠాల మరో విద్య. పరిశీలన మిషతో పైకెక్కి సుత్తితో మోదడం, నాణెంతో గీకి రేణువులు రాల్చడం, షింగిల్ అంచును చేత్తో మడిచి గాలికి లేచినట్లు చూపడం బీమా పరిశోధకులు తరచు ఎదుర్కొనే ఉదంతాలు. దిగివచ్చి చూపే ఫొటోలు ఆ ఇంటివే అన్న నమ్మకం కూడా లేదు.

అసలు వడగళ్లు ఒక క్రమంలో పడవు. దెబ్బలు చిన్నా పెద్దా కలగలిసి చెదురుమదురుగా ఉంటాయి. షింగిల్స్‌తో పాటు పైకప్పు మీది లోహపు గొట్టాలు, నీటి కాలువలు, ఎయిర్ కండిషనర్ రేకులు, ఇంటి ముందు టపా పెట్టె కూడా సొట్టలు పడతాయి. గాలి వీచిన దిక్కున ఎక్కువగా, అవతలి వాలున తక్కువగా దెబ్బలు కనిపిస్తాయి. మనిషి చేసిన దెబ్బలు దాదాపు ఒకే పరిమాణంలో, నడిచేందుకు వీలైన చోటే గుమికూడి ఉంటాయి. పలుచని లోహపు భాగాలు చెక్కుచెదరకుండా పైకప్పు మాత్రమే దెబ్బతిన్నదంటే సందేహించవలసిందే. ఫలానా తేదీన ఆ ప్రాంతంలో వడగళ్లు పడ్డాయో లేదో అమెరికా వాతావరణ శాఖ నివేదికల్లో చూసి నిర్ధారించుకోవచ్చు.

సంతకంతోనే చిక్కు

పైకప్పు ఎక్కేందుకు అనుమతి పత్రమంటూ టాబ్లెట్ మీద వేలితో చేయించే సంతకం చాలా సందర్భాల్లో అసలు ఒప్పందమే. బీమా సొమ్ము మంజూరైతే పనంతా తమకే అప్పగించాలని, కాదంటే క్లెయిములో కొంత శాతం పరిహారంగా చెల్లించాలని అందులో రాసి ఉంటుంది. చేయబోయే పని వివరాలు, సామగ్రి రకం, ధర అనే గళ్లు ఖాళీగా ఉంటాయి.

ఒకసారి సంతకం చేసినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోవు. ఇంటికి వచ్చి జరిపే అమ్మకాల విషయంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఒకటి దశాబ్దాలుగా అమలులో ఉంది. 25 డాలర్లకు మించిన అటువంటి ఒప్పందాలను మూడు పనిదినాల లోపు కారణం చెప్పనక్కరలేకుండా రద్దు చేసుకోవచ్చు. రద్దు పత్రం రెండు ప్రతులు కొనుగోలుదారుకు ఇవ్వడం విక్రేత బాధ్యత. ఆ కాగితం ఇవ్వని కాంట్రాక్టరు మొదటి అడుగులోనే నిబంధన తప్పినట్లు లెక్క.

మరో ప్రమాదం చెల్లింపుల్లో పొంచి ఉంటుంది. కాంట్రాక్టరు సొమ్ము తీసుకుని సామగ్రి సరఫరాదారుకు, కూలీలకు ఎగవేస్తే, వారు ఇంటిపై హక్కు కోరుతూ దావా వేయవచ్చు. అప్పుడు యజమాని ఒకే పనికి రెండుసార్లు చెల్లించవలసి వస్తుంది. గృహరుణం ఉన్నవారికి బీమా చెక్కు రుణదాత పేరుతో కలిపి రావడం పరిపాటి. దానిని నేరుగా తనకు ఇచ్చేయమనే కాంట్రాక్టరును నమ్మడం శ్రేయస్కరం కాదు.

ఫ్లోరిడా నేర్పిన పాఠం

ఒక్కొక్క ఇంటి వ్యవహారంగా మొదలైన ఈ జాడ్యం ఒక రాష్ట్ర ఆర్థిక వ్యవస్థనే ఎలా కుదిపివేయగలదో ఫ్లోరిడా చూపింది. క్లెయిము హక్కులను కాంట్రాక్టరుకు రాసి ఇచ్చే పద్ధతి అక్కడ విస్తృతంగా ఉండేది. యజమాని ఒక్క సంతకం చేస్తే చాలు, ఆ తర్వాత బీమా కంపెనీతో బేరమాడడం, కోర్టుకెక్కడం అంతా కాంట్రాక్టరే చూసుకునేవాడు. దావా నెగ్గితే న్యాయవాది రుసుము కూడా బీమా కంపెనీయే చెల్లించాలన్న పాత చట్టం దీనికి తోడైంది. ఫలితంగా దావాలు వెల్లువెత్తాయి. అమెరికాలోని గృహ బీమా క్లెయిముల్లో ఫ్లోరిడా వాటా తొమ్మిది శాతమే కాగా, కోర్టు దావాల్లో మాత్రం 79 శాతం అక్కడివేనని 2022లో ఆ రాష్ట్ర గవర్నరు ప్రత్యేక శాసనసభా సమావేశానికి జారీ చేసిన ప్రకటనలో పేర్కొన్నారు.

ఆ ఒక్క ఏడాదిలోనే పలు బీమా కంపెనీలు దివాలా తీశాయి. మిగిలినవి పైకప్పు పాతబడిన ఇళ్లకు పాలసీలు పొడిగించేందుకు నిరాకరించాయి. ఎక్కడా బీమా దొరకనివారికి చివరి దిక్కుగా రాష్ట్రం ఏర్పాటు చేసిన సిటిజన్స్ సంస్థ పాలసీలు పది లక్షలు దాటిపోయాయి. మోసంలో ఏ పాత్రా లేని లక్షలాది కుటుంబాలు ప్రీమియం రూపంలో ఆ భారం మోశాయి. 2022 డిసెంబరులో చేసిన చట్టంతో ఏకపక్ష న్యాయవాది రుసుము రద్దయింది. 2023 జనవరి 1 నుంచి జారీ అయిన పాలసీలలో క్లెయిము హక్కును కాంట్రాక్టరుకు రాసి ఇవ్వడం నిషిద్ధమైంది.

నాణేనికి రెండో వైపు కూడా ఉంది. న్యాయవాది రుసుము వెసులుబాటు తొలగించడం వల్ల, క్లెయిమును అన్యాయంగా తిరస్కరించిన కంపెనీలపై పోరాడే శక్తి సామాన్యునికి తగ్గిపోయిందన్న విమర్శ వినియోగదారుల పక్షం నుంచి గట్టిగా వినిపిస్తోంది. వంచకులను అరికట్టేందుకు తెచ్చిన చట్టం బాధితుల చేతులు కూడా కట్టివేయకుండా చూడడం ఏ ప్రభుత్వానికైనా కత్తిమీద సామే.

టెక్సాస్ మరో మార్గాన్ని అనుసరించింది. పైకప్పు వేసే కాంట్రాక్టరు అదే ఇంటి క్లెయిముపై యజమాని తరఫున బీమా కంపెనీతో బేరసారాలు జరపడాన్ని ఆ రాష్ట్రం నిషేధించింది. పని చేసేవాడే నష్టాన్ని లెక్కగడితే లెక్క పెరగడమే తప్ప తరగదన్నది ఇందులోని హేతువు. ఇది భావప్రకటన స్వేచ్ఛకు భంగమంటూ దాఖలైన దావాను 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు తోసిపుచ్చి, చట్టాన్ని సమర్థించింది.

మన గుమ్మం ముందు

భారతదేశంలో గృహ బీమా చేయించుకునేవారి సంఖ్య ఇప్పటికీ చాలా తక్కువ. కనుక పైకప్పు క్లెయిముల వ్యాపారం ఇక్కడ వేళ్లూనలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో పైకప్పు రేకులను ఎగరగొట్టినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇళ్లలోకి చొరబడినప్పుడు బాధితుల్లో అత్యధికులు ప్రభుత్వ సాయంపైనే ఆధారపడవలసి వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ ఆదేశాల మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' పేరిట ఒకే నమూనా పాలసీని అందిస్తున్నాయి. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం వంటి వాటికి ఇది వర్తిస్తుంది. ఈ పాలసీలు వ్యాపించేకొద్దీ వాటి చుట్టూ దళారులు కూడా పుట్టుకురావడం సహజం.

ప్రస్తుతానికి మన పైకప్పు మీద కన్నేసిన బేరం మరొకటి ఉంది. అది సౌర విద్యుత్తు. కోటి కుటుంబాల లక్ష్యంతో, 75,021 కోట్ల రూపాయల కేటాయింపుతో కేంద్రం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లు ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ నిర్ణయించారు. ఈ సొమ్ము పరికరాలు అమర్చి, నెట్ మీటరు బిగించిన తర్వాత వినియోగదారు బ్యాంకు ఖాతాలోనే జమ అవుతుంది. ముందుగా రిజిస్ట్రేషన్ రుసుము చెల్లిస్తే సబ్సిడీ ఇప్పిస్తామని గుమ్మం ముందు చెప్పేవారి మాటకు పథకంలో ఆధారం లేదు. రైతుల సౌర పంపుల పథకం పీఎం కుసుమ్ పేరిట వెలసిన నకిలీ వెబ్‌సైట్లను నమ్మి డబ్బు కట్టవద్దని కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ పలుమార్లు హెచ్చరించవలసి వచ్చింది.

పాలసీదారుకు దొడ్డిదారిన లాభం చూపడాన్ని మన చట్టం కూడా సహించదు. ప్రీమియంలోనో కమిషన్‌లోనో కొంత తిరిగి ఇస్తామని ఆశపెట్టి పాలసీ అమ్మడాన్ని 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ నిషేధించింది. ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడం కూడా తప్పే. టెక్సాస్ చట్టంలోని సూత్రమూ ఇదే.

గృహస్థు చేయవలసినది

దేశమేదైనా జాగ్రత్తలు మాత్రం దాదాపు ఒక్కటే. పిలవకుండా వచ్చిన వ్యక్తిని ఆ క్షణమే పైకప్పు ఎక్కనివ్వకూడదు. నష్టం జరిగిందన్న అనుమానం ఉంటే ముందుగా తెలియజేయవలసినది సొంత బీమా కంపెనీకే. కారుతున్న చోట తాత్కాలికంగా టార్పాలిన్ కప్పి, ఫొటోలు తీసి, రసీదులు భద్రపరచుకోవాలి. వానకాలానికి ముందే పైకప్పు ఫొటోలు తీసి ఉంచుకుంటే తర్వాతి వాదనలకు అదే గట్టి సాక్ష్యం.

కనీసం ఇద్దరు ముగ్గురు స్థానిక కాంట్రాక్టర్ల నుంచి రాతపూర్వక అంచనాలు తీసుకోవడం మంచిది. వారి చిరునామా, గతంలో చేసిన పనులు విచారించాలి. కూలీల ప్రమాద బీమా పత్రాన్ని కాంట్రాక్టరు చేతి నుంచి కాక బీమా కంపెనీ నుంచే నేరుగా తెప్పించుకోవాలి. ఫ్లోరిడాలో లైసెన్సు తప్పనిసరి. టెక్సాస్‌లో పైకప్పు పనివారికి రాష్ట్ర స్థాయి లైసెన్సు విధానం లేదు కనుక అక్కడ ఈ విచారణ మరింత అవసరం. ఖాళీ గళ్లున్న పత్రంపై సంతకం పనికిరాదు. సొమ్ము విడతలవారీగా, పని జరిగినకొద్దీ చెల్లించాలి. చివరి విడతకు ముందు సరఫరాదారులకు, కూలీలకు బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి.

భారతదేశంలో సౌర ఫలకలు అమర్చుకునేవారు కేంద్ర పోర్టల్‌లో స్వయంగా దరఖాస్తు చేసి, విక్రేత పేరు గుర్తింపు పొందినవారి జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవాలి. బీమా నియంత్రణ సంస్థ స్వయంగా పాలసీలు అమ్మదు, బోనసులు ప్రకటించదు. దాని పేరు చెప్పి వచ్చే ఫోన్లను నమ్మరాదు. బీమా ఫిర్యాదులకు 155255, సైబరు మోసాలకు 1930 నంబర్లు అందుబాటులో ఉన్నాయి. పరిష్కారం దొరకని తగాదాలపై, క్లెయిము 50 లక్షల రూపాయలకు మించనంతవరకు, బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఇందుకు రుసుము లేదు.

బీమా అన్నది పదిమంది కట్టిన సొమ్ముతో ఒకరి కష్టం తీర్చే ఏర్పాటు. అందులోంచి అక్రమంగా తీసిన ప్రతి డాలరూ, ప్రతి రూపాయీ మరుసటి ఏడాది ప్రీమియంగా తిరిగి అదే వీధిలోని ఇళ్ల మీదనే పడుతుంది. వాన కురిసిన మరునాడు గుమ్మం ముందు నిలిచిన మనిషి తొందరపెట్టే కొద్దీ, తలుపు వేసి పాలసీ కాగితాలు తీసి చదువుకోవడమే గృహస్థుకు క్షేమం. నిజంగా దెబ్బతిన్న పైకప్పు ఒక రోజు ఆలస్యమైనా ఎక్కడికీ పోదు. మర్నాటికి ఉండని అవకాశమని చెప్పేవాడు మాత్రం మర్నాటికి తానే ఉండకపోవచ్చు.